పెర్ల్ భాషలో ఆబ్జెక్ట్ భావన: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అంటే ఏమిటని అడిగితే మీలో చాలామంది ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం అని నాలుగు పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. పరీక్షకు అది చాలు. కానీ ఈ నాలుగింటినీ భాషే విధించాలా, ప్రోగ్రాం రాసేవారు తమంతట తాము పాటిస్తే సరిపోదా? జావా చదివినవారికి ఈ సందేహం రాదు. అక్కడ మొదటి పాఠం నుంచే అంతా క్లాసు లోపలే నడుస్తుంది. ఈ ప్రశ్నను దాదాపు మూడు దశాబ్దాలు మోసినవారు పెర్ల్ భాష వాడుకరులు. అందుకే వారి అనుభవాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాం.

లారీ వాల్ 1987లో పెర్ల్‌ను విడుదల చేసినప్పుడు దాని పని టెక్స్ట్ ఫైళ్లను వెతకడం, వాటినుంచి నివేదికలు తయారుచేయడం. ఆబ్జెక్ట్ అన్న ఊసే లేదు. 1994లో వచ్చిన పెర్ల్ 5 ఆబ్జెక్టులను తెచ్చింది గాని, అందుకోసం క్లాస్ అనే మాటను భాషలో చేర్చలేదు. ప్యాకేజీనే క్లాసు అనుకోమంది, సబ్‌రూటీన్‌నే మెథడ్ అనుకోమంది. ఈ రెంటినీ కలపడానికి బ్లెస్ అనే చిన్న ఫంక్షన్ ఇచ్చింది.

ఈ బ్లెస్ చేసే పనిని మా బందరు పక్కనున్న పెడన కలంకారీతో పోల్చి చూద్దాం. టేకు చెక్క మీద చెక్కిన అచ్చు క్లాసు, గుడ్డ మీద పడిన ఒక్కో పువ్వు ఒక్కో ఆబ్జెక్ట్ అని పాఠం చెప్పడం తేలిక. జావాకు ఈ పోలిక కొంతవరకు సరిపోతుంది. పెర్ల్‌కు సరిపోదు. పెర్ల్‌లో గుడ్డ ముందే సిద్ధంగా ఉంటుంది, దాని మీద పువ్వులు ఎవరికి తోచినట్టు వారు వేసుకుంటారు. ఆ తరువాత తాను చివర "ఇది ఫలానా కార్ఖానాది" అని ఒక ముద్ర పడుతుంది. బ్లెస్ అంటే ఆ ముద్రే.

ఉదాహరణకు ఒక విద్యార్థి పేరు, మార్కులు ఒక హ్యాష్‌లో పెట్టి, దానికి "విద్యార్థి" అనే ప్యాకేజీ ముద్ర వేశాం అనుకోండి. "మొత్తం" అనే మెథడ్‌ను పిలవగానే పెర్ల్ ఆ ముద్ర చూసి ఆ ప్యాకేజీలో వెతుకుతుంది. అక్కడ లేకపోతే ఐఎస్ఏ అనే జాబితాలోని మాతృ ప్యాకేజీల్లో వెతుకుతుంది. దొరికిన సబ్‌రూటీన్‌కు ఆబ్జెక్ట్‌నే మొదటి విలువగా అందిస్తుంది. పైతాన్ మెథడ్‌లో మీరు రాసే సెల్ఫ్ కూడా ఇలా అందిన ఆబ్జెక్టే. యంత్రం మూత తీసి లోపలి చక్రాలు చూపించినట్టుండే ఈ పద్ధతి బోధనకు ఎంతో అనువైనదని నా అభిప్రాయం.

అయితే ఆ మూత మళ్లీ పడదు. రిఫరెన్స్ చేతిలో ఉన్నవారెవరైనా ఆ హ్యాష్‌లోని మార్కులను నేరుగా దిద్దవచ్చు. పెర్ల్ వాడుకరులు దీన్ని లోపంగా కాక మర్యాదకు సంబంధించిన విషయంగా చూశారు. మన పల్లెల్లో వీధి అరుగు మీద ఎవరైనా కూర్చుంటారు, వంటింట్లోకి మాత్రం పిలవందే ఎవరూ పోరు. అందుకు తాళం అక్కరలేదు. ఊరు చిన్నదైనంతకాలం ఈ వాదన నిలుస్తుంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. కన్‌స్ట్రక్టర్ ఎలా ఉండాలో, గుణాలను ఎలా ప్రకటించాలో పెర్ల్ చెప్పలేదు కాబట్టి ఎవరి పద్ధతి వారు తయారుచేసుకున్నారు. పెర్ల్ మాడ్యూళ్ల ఉమ్మడి భాండాగారమైన సీపాన్‌లో ఇలాంటివి పోగుపడ్డాయి. 2006లో స్టీవన్ లిటిల్ రూపొందించిన మూస్ వీటిలో చెప్పుకోదగ్గది. గుణం పేరు, దాని రకం, దాన్ని మార్చవచ్చా లేదా అన్నవి అందులో ఒక్కచోటే ప్రకటించవచ్చు. చక్కని నిర్మాణమే గాని లోడ్ కావడానికి సమయం పట్టేది. దాంతో తేలికైన మౌస్, ఆపై మూ వచ్చాయి. ఒక పనికి ఒకటికి మించి దారులుండటమే పెర్ల్ ఘనత అని అభిమానులు అంటారు. ఇక్కడే వారితో నాకు పేచీ. దారిని ఎంచుకునేవారు ఒక్కసారే ఎంచుకుంటారు. వారు వెళ్లిపోయాక ఆ ప్రోగ్రాంను సరిదిద్దడానికి కొత్తగా చేరినవారు మాత్రం అన్ని దారులూ నేర్చుకోవాలి. పెత్తనం రాసేవారిది, చాకిరీ చదివేవారిది. రేపు ఉద్యోగంలో మీకు మొదట దక్కేది సాధారణంగా ఈ రెండో స్థానమే.

చివరకు 2023లో పెర్ల్ 5.38తో క్లాస్, ఫీల్డ్, మెథడ్ అనే మాటలు భాషలోకి వచ్చాయి. కొరిన్నా అనే ఈ రూపకల్పనకు కర్టిస్ పో నాయకత్వం వహించగా, పాల్ ఎవాన్స్ దాన్ని భాషలో అమలుచేశారు. ఇందులో ఫీల్డులు నిజంగానే బయటివారికి అందవు. అంటే వంటింటికి తాళం పడింది. అదీ ప్రయోగాత్మకం అన్న హెచ్చరికతోనే. 1994 నుంచి లెక్కిస్తే 29 ఏళ్లు. పైతాన్‌లో 1991 నాటి తొలి విడుదలలోనే క్లాస్ ఉంది. ఈ ఆలస్యాన్నంతా నిర్లక్ష్యం ఖాతాలో వేయలేం. పాత ప్రోగ్రాంలు ఆగిపోకూడదన్న పట్టుదల పెర్ల్ నిర్వాహకులకు ఉంది, బ్లెస్‌తో రాసినవి నేటికీ నడుస్తున్నాయి. కాని ముందే ఒక సాధారణ క్లాస్ రూపాన్ని భాషలో చేర్చి, మిగతా దారులనూ తెరిచి ఉంచే వీలు లేకపోలేదు. 2023లో చేసింది సరిగ్గా అదే కదా!

మీరు పైతాన్‌లో రాసిన ఏదైనా చిన్న క్లాసును తీసుకోండి. క్లాస్ అన్న మాట వాడకుండా, ఒక డిక్షనరీతో, నాలుగు ఫంక్షన్లతో అదే పని చేయించి చూడండి. ఏ ఫంక్షన్ ఏ డిక్షనరీకి చెందుతుందో గుర్తుపెట్టుకునే భారం ఎవరి మీద పడిందో గమనించి, పది వాక్యాల్లో రాయండి.