గోదావరి అందాలు: ఎవరి చూపు, ఎవరి డప్పు?

పాపికొండలు, దిండి హౌస్‌బోట్లు, కోనసీమ కొబ్బరితోటలు, అంతర్వేది, ద్రాక్షారామం, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం. గోదావరి జిల్లాల్లో చూడదగ్గవి ఏమిటంటే ఏ కరపత్రమైనా యీ వరసే చెబుతుంది. యీ అందం అబద్ధమని మేం అనడం లేదు. ఆ ఏటిగట్ల మీద పుట్టి పెరిగినవాళ్ళలో మావాళ్ళూ వున్నారు. మేం అడిగేదల్లా, యీ బొమ్మని గీసిన చూపు ఎవరిదని. మన్ను మోసినవాడు, పడవ నడిపినవాడు, డప్పు కొట్టినవాడు ఇందులో ఎక్కడున్నారని.

కాటన్ దగ్గరే మొదలుపెడదాం. 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. డెల్టా పచ్చబడింది. కాటన్‌కి విగ్రహాలు లేచాయి. తట్టలెత్తిన కూలోళ్ళ పేర్లు మాత్రం మనదాకా రాలేదు. కాలవ పారిన భూమి ఎవరి చేతిలో పడిందో, అందులో నడుం వంచి నాట్లు వేసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. కవులు పచ్చదనమని పొగిడినదాన్ని మాల మాదిగ పల్లెలు పని అన్నాయి. ఆ పనికి కూలెంత అని అడిగిన కవి ఎంతమంది?

యీ చూపుకి బాగా అలవాటు చేసింది సినిమా. 1964లో వచ్చిన మూగమనసులు చూడండి. కొత్తగా పెళ్ళయిన జంట గోదావరి మీద విహారానికి పోతుంది. పోయిన జన్మలో అతను పడవవాడు, ఆమె జమీందారు బిడ్డ. ఆ జన్మలో వాళ్ళిద్దరికీ చావే దారి. ఇద్దరూ ఒకే అంతస్తులో మళ్ళీ పుట్టాకే పెళ్ళికి అనుమతి దొరుకుతుంది. ప్రేక్షకులు కన్నీళ్ళు పెట్టుకుని గోదావరి ఎంత అందంగా వుందో అనుకుంటూ ఇంటికి పోయారు. పడవవాడు పడవవాడిగా వుండి ఎందుకు బతకగూడదని అడగలేదు. 1973లో అందాలరాముడు, 2006లో గోదావరి సినిమాలు భద్రాచలం దాకా లాంచీ ఎక్కించాయి. యీ ప్రయాణాల్లో ఒడ్డు పల్లెలు పక్కనుంచి సాగిపోయే తెరలే. అవతల బతుకులోకి కథ దిగదు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు ఆ తెర చిరిగింది. నీళ్ళలో కొట్టుకుపోతున్నవాళ్ళని నాటు పడవలేసుకొచ్చి ఒడ్డుకు లాగింది దగ్గర్లోని గిరిజన పల్లెలవాళ్ళే. అక్టోబర్ 22న బోటుని పైకి తీసింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, ఇనప తాళ్ళతో, లంగర్లతో. ఏరుని చదవగలిగిన విద్య ఎవరి దగ్గరుందో ఆ ఐదు వారాలు లోకం చూసింది. ఆ తర్వాత పోలవరం నీళ్ళకి ఖాళీ అయిన కొండరెడ్ల, కోయల పల్లెల మీదుగానే పాపికొండల విహారం సాగుతోంది.

ఇక విహారం సంగతి. ఆరుబయట సరదాగా గడపడం అందరి హక్కని పాఠం చెబుతాం. డెల్టాలో కార్తీకమాసం వస్తే తెలుస్తుంది ఆ అందరూ ఎవరో. వనభోజనాలు కులానికొక తోటలో జరుగుతున్నాయి. ఉసిరిచెట్టుకి కులం లేదు, దానికింద పరిచే విస్తరికుంది. నీళ్ళూ అంతే. గోదావరి దాటి దక్షిణానికి పోతే 1985 జూలైలో కారంచేడు గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గర. మరునాడు ఆరుగురు మాదిగల్ని చంపారు. కృష్ణా డెల్టాలోని చుండూరులో 1991లో తగువు పుట్టింది సినిమాహాల్లో, కాలు తగిలిందని. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి కాలవల్లో పడేశారు. మూడు గంటల వినోదానికి మనవాళ్ళు కట్టిన టిక్కెట్టు ఖరీదు అది. యీ లెక్క లేకుండా డెల్టా అందాల మీద రాసే ఏ వ్యాసమైనా సగం వ్యాసమే.

పాటకొద్దాం. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ప్రభలు భుజాలమీద కౌశిక దాటి వస్తాయి. 2023 రిపబ్లిక్ దినాన ఢిల్లీలో రాష్ట్ర శకటంగా కూడా ప్రభల్నే నడిపారు. జాతరకీ డప్పే, చావుకీ డప్పే, వూళ్ళో చాటింపుకీ డప్పే. గరగలకీ ప్రభలకీ పేరుంది. డప్పు మోతగానే మిగిలింది, కొట్టినవాడు పేరులేనివాడుగా మిగిలాడు. యీ విషయంలో మనలో మనకే పేచీ వుంది. వెట్టికి గుర్తు గదా, అవతల పారెయ్యాలి అంటారు కొందరు. తండ్రి చావు డప్పుకి పోయి గుక్కెడు కల్లుతో తిరిగిరావడం చూసిన కొడుకు అట్లా అంటే తప్పెవరిది? రెండో పక్క, 1994లో లేచిన దండోరా అదే డప్పుని హక్కులడిగే గొంతు చేసింది. మేం యీ రెండు మాటల్నీ కాదనం. డప్పు కొట్టనని చెప్పే హక్కు ముందు నిలబడాలి. అది నిలబడిన చోటే కొట్టడం కళ అవుతుంది. రిసార్టు గుమ్మంలో తలపాగా చుట్టి అతిథికి స్వాగత డప్పు కొట్టిస్తే, కూలి చేతికొచ్చినా, ఆ గుమ్మం లోపలికి అతను అతిథిగా పోగలడా అని అడగాల్సిందే.

చూపు గొడవ చివరికి పేరు దగ్గర బయటపడింది. 2022 మే 18న కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక ప్రకటన వచ్చింది. మే 24న అమలాపురం తగలబడింది. ఒక దళిత మంత్రి ఇల్లు, ఒక మత్స్యకార కులపు ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. జూన్ 24న మంత్రివర్గం పేరుని ఖాయం చేసింది. కోనసీమ అనే మాటని ఎవరూ తీసెయ్యలేదు, దాని ముందు ఒక పేరు చేరిందంతే. కొబ్బరాకు, గోదారి గాలి, మర్యాద అని పొగడ్తలందుకున్న నేల ఆ ఒక్క పేరుని ఓర్చుకోలేకపోయింది. అందాల వర్ణన ఇన్నాళ్ళు దాచిందేమిటో దీన్నిబట్టి తెలియదా?

మన తప్పూ ఒప్పుకోవాలి. దళిత విమర్శ గాయాన్ని రాసినంతగా సంతోషాన్ని రాయలేదు. మనవాళ్ళూ ఏట్లో ఈదారు, వెన్నెల్లో నాటకాలాడారు. కోనసీమలోని మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న పాలేరు నాటకం పల్లెపల్లెనా ఆడిందంటే అది వినోదమూ అయింది, బడి దారీ అయింది. రాజమండ్రి గడ్డమీద కుసుమ ధర్మన్న మాకొద్దీ నల్లదొరతనం అని పాట కట్టాడు. యీ చోట్లు చూడదగ్గవి కావా?

ఉపాధ్యాయ మిత్రులకి, విద్యార్థులకి మా సూచన. యీసారి గోదావరికి విహారయాత్ర పెట్టినప్పుడు మామిడికుదురు కూడా పోండి. నాట్ల పాటలు రాసుకుంటే పాడినామె ఒప్పుకుంటే ఆమె పేరు పాటకింద రాయండి. డప్పు కొట్టినాయన్ని కూలెంత ఇచ్చారో అడగండి. భోజనాలప్పుడు ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూడండి. తిరిగొచ్చాక అందం గురించి మాట్లాడుకుందాం.