కలలో గొడుగు ఎవరి నెత్తిన?

కలలో గొడుగు కనిపిస్తే మంచిదని మన ఇళ్లలో పెద్దలు చెబుతూ వచ్చారు. బ్రహ్మవైవర్త పురాణంలోని స్వప్న ప్రకరణం కూడా గొడుగునూ పాదుకలనూ పదునైన కత్తినీ శుభసూచకాలుగానే లెక్కిస్తుంది. ఈ ఫలితం నిజమా అబద్ధమా అనే వాదన మేము పెట్టుకోవడం లేదు. ఆ గొడుగు ఎవరిదని మాత్రమే అడుగుతున్నాం.

వాల్మీకి సుందరకాండలో త్రిజట కల కంటుంది. రావణుడు గుండు చేయించుకుని, నూనె పూసుకుని, ఎర్రబట్టలు కట్టి, గాడిదల రథం మీద దక్షిణ దిక్కుకు పోతుంటాడు. లంకవాళ్లలో విభీషణుడొక్కడే తెల్ల గొడుగు కింద కనిపిస్తాడు. రాబోయే రాజు ఎవరో ఒక్క గొడుగుతో చెప్పేసిన ఆ కవి నేర్పును మేము మెచ్చుకుంటాం. అయితే అక్కడ గొడుగంటే వానకు అడ్డం కాదు, సింహాసనం.

మహాభారతంలో కర్ణుడి కథ మరీ బాధాకరం. దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చిన రోజు అతని తలపై గొడుగు పట్టారు. కాసేపటికే సూతుడైన తండ్రిని చూసి, నీకు కొరడాయే తగునని భీముడు వెక్కిరించాడు. ఉద్యోగపర్వంలో అదే కర్ణుడు తన కలను కృష్ణుడికి చెబుతాడు. అందులో తెల్లని గొడుగులూ వస్త్రాలూ పాండవ పక్షానివే. తన కలలో కూడా అతనికి గొడుగు దక్కలేదు.

ఇది కావ్యాలతో ఆగలేదు. 19వ శతాబ్దపు తిరువాన్కూరులో నాడార్ల వంటి కులాలవారు గొడుగు వేసుకోకూడదు, చెప్పులు తొడగకూడదు. అంత వాన కురిసే నేలలో ఈ నిషేధం! అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని మన సామెత నవ్వుతుంది. పగలు గొడుగు పట్టనివ్వని సమాజం రాత్రి కలలో దాన్ని శుభమంటే, ఆ శుభం ఎవరికోసం?

బౌద్ధం గొడుగును పారేయలేదు, దాని అర్థాన్ని మార్చింది. యవ్వనంలో రాత్రింబవళ్లు తనపై తెల్ల గొడుగు పట్టేవారని బుద్ధుడే అంగుత్తర నికాయంలో చెప్పాడు. ఆ నీడను విడిచి ఆయన బయటికి నడిచాడు. సాంచి తోరణంపై మహాభినిష్క్రమణ దృశ్యంలో గుర్రంపై మనిషి ఉండడు, పైన గొడుగు మాత్రం ఉంటుంది. అది రాజుకు పట్టిన గొడుగు కాదు, రాజ్యం వదిలినవాడికి పట్టినది.

కలలకు ఫలాలు చెప్పి బతకడాన్ని బ్రహ్మజాల సుత్తం తప్పుడు జీవనోపాధుల్లో చేర్చింది. మహాసుపిన జాతకంలో కోసలరాజు పదహారు కలలకు భయపడితే, పురోహితులు జంతుబలులు చెప్పారు. బుద్ధుడు ఆ భయం తీర్చి, కట్టేసిన మూగజీవాలను విడిపించాడు.

కాబట్టి కలలో గొడుగు కనబడిందని ఎవరైనా అంటే మేము ఫలం చెప్పం. తెల్లవారాక ఆ గొడుగు కింద ఇంకెవరికి చోటిస్తావని అడుగుతాం.