వంత కోసం వెదుకులాట: పాల్ సైమన్ ఒంటరి పాట

జంటగా పేరు తెచ్చుకున్న గాయకుడు విడిపోయాక ఏమయ్యాడన్న ప్రశ్నకు పత్రికలు సాధారణంగా అమ్మకాల లెక్కలతో జవాబు చెబుతాయి. ఆ లెక్కన పాల్ సైమన్‌ది విజయగాథే. 1970లో ఆర్ట్ గార్ఫంకెల్‌తో విడిపోయిన ఈ అమెరికన్ గాయకుడు 1976లో ఒకసారి, 1987లో మరొకసారి ఉత్తమ ఆల్బమ్‌కు గ్రామీ బహుమతి అందుకున్నాడు. కాని రెండు భాషల మధ్య పెరిగిన మన విద్యార్థులకు ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న మరొకటి ఉంది. పక్కనుండే రెండో గొంతు పోయాక ఆ ఖాళీని అతడు దేనితో పూరించాడు?

ఆ ఖాళీ చిన్నది కాదు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో బడి ఈడులో కలిసిన ఈ ఇద్దరూ 1957లోనే ‘టామ్ అండ్ జెర్రీ’ పేరుతో రికార్డు ఇచ్చారు. తరువాతి పాటల్లో చాలావరకు రాసింది సైమనే. అయినా ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ వంటి పాట లోకానికి చేరింది గార్ఫంకెల్ గొంతులో. మన బుర్రకథలో వంత పలకకపోతే కథ నడవదు. అందుచేత వంత అంటే తక్కువ అని అర్థం కాదు. ఈ జంటలో కథకుడెవరో, వంత ఎవరో తేల్చడమే కష్టం. ఆ చిక్కు కూడా వారిని విడదీసిందనుకుంటాను.

ఒంటరిగా వెలువరించిన 1972 నాటి ఆల్బమ్‌లో ఒక పాట కోసం సైమన్ జమైకా వెళ్లి, అక్కడి వాద్యకారులతో రికార్డు చేశాడు. మరుసటి ఏడు డిక్సీ హమ్మింగ్‌బర్డ్స్ అనే నల్లజాతి భక్తిగీత బృందం అతనికి తోడు పాడింది. ఊరు మారినప్పుడల్లా కొత్త వంత. 1981 సెప్టెంబరులో పాత మిత్రులిద్దరూ న్యూయార్క్ సెంట్రల్ పార్కులో సుమారు అయిదు లక్షల మంది ఎదుట మళ్లీ కలిసి పాడారు. ఆపైన కలిసి ఆల్బమ్ మొదలుపెట్టారు కూడా. కాని 1983లో ‘హార్ట్స్ అండ్ బోన్స్’ వెలువడే నాటికి సైమన్ అందులోంచి గార్ఫంకెల్ గొంతును తీసివేశాడు. పాటలు మంచివే. అయితే నా చెవికి అందులో తీసివేసిన చోటు కూడా వినబడుతుంది.

1985లో అతడు జొహానెస్‌బర్గ్ వెళ్లాడు. అక్కడి వాద్యకారులతో ముందు సంగీతం రికార్డు చేసి, అమెరికా తిరిగివచ్చాక దాని మీద మాటలు రాశాడు. బాణీకి పాట రాయడం మన సినిమా కవులకు నిత్యకృత్యం; సైమన్‌కు మాత్రం అది అలవాటు తలకిందులు కావడమే. అలా 1986లో ‘గ్రేస్‌లాండ్’ వచ్చింది. అందులోని ‘హోమ్‌లెస్’ పాటను జోసెఫ్ షబలాలాతో కలిసి రాశాడు. షబలాలా నడిపిన లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందానిది ఇసికతమియ అనే, వాద్యాలు లేని బృందగానం. పల్లెలు వదిలి పనులకు వలసపోయిన జూలూ మగవారి మధ్య పెరిగిన కళ. (ఈ మాటలో ‘క’ అని రాసిన చోట నిజానికి ఉన్నది, ‘అయ్యో పాపం’ అనేటప్పుడు మనం నాలుకతో చప్పరించే ధ్వని. మన లిపిలో దానికి అక్షరం లేదు.)

జూలూ మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ఆ అర్థంలో అదీ తెలుగులాగే అజంత భాష. పైగా పదబంధంలో చివరినుంచి రెండో అక్షరం సాగుతుంది. ఇంగ్లీషు ‘హోమ్‌లెస్’ సకారం దగ్గరకు రాగానే నాదం ఆగిపోతుంది. ఒక భాష గొంతును నిలబెట్టే చోట మరొకటి తెంపుతుంది. ఈ రెండింటి ఒరిపిడిలోనే ఆ పాట అందముంది. జూలూ ఇక్కడ అలంకారం కాదు, సగపాలు. అదే ఆల్బమ్‌లోని ‘డైమండ్స్ ఆన్ ద సోల్స్ ఆఫ్ హర్ షూస్’ అలా కాదు. అక్కడ జూలూ గళాలు తలుపు తీస్తాయి, ఆపైన ఇల్లంతా ఇంగ్లీషుదే. రెండు భాషలు కలిసిన పాట ఏది విన్నా ఈ తేడా పట్టుకోండి.

అప్పట్లో దక్షిణాఫ్రికాతో సాంస్కృతిక సంబంధాలు వద్దని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1980లోనే తీర్మానించింది. దాన్ని సైమన్ ఉల్లంఘించాడని వర్ణవివక్ష వ్యతిరేకులు గట్టిగా తప్పుపట్టారు. కళాకారుడు అనుమతులడగనక్కరలేదన్న అతని పక్షపు వాదన నాకు పూర్తిగా రుచించదు. అణగారినవారి ఉద్యమం గీసిన గీతను దాటేముందు వారిని అడగడం మర్యాద. కాని ప్రవాసంలో ఉన్న మిరియం మకేబా, హ్యూ మసెకెలా 1987లో అతనితో కలిసి వేదికలెక్కారన్నదీ మరువరాదు. వాద్యకారులకు అతడు న్యూయార్క్ రేటుకు మూడింతలిచ్చాడని చెబుతారు.

నా అభ్యంతరం డబ్బు గురించి కాదు, అట్ట మీది పేరు గురించి. లోపలి పేజీల్లో షబలాలా మొదలైనవారికి సహకర్తృత్వం ఇచ్చాడు, నిజమే. కాని జంటగా ఉన్నప్పుడు పాట రాయని గార్ఫంకెల్ పేరు కూడా అట్టమీద ఉండేది. ‘గ్రేస్‌లాండ్’ అట్టమీద ఉన్నది ఒక్క పేరే. వంతలు పెరిగిన కొద్దీ పేర్లు తగ్గాయి. 1990లో బ్రెజిల్ డప్పులతో చేసిన ‘ద రిథమ్ ఆఫ్ ద సెయింట్స్’ విషయంలోనూ అంతే.

1998 నాటి రంగస్థల నాటకం ‘ద కేప్‌మ్యాన్’ 68 ప్రదర్శనలతో మూతపడింది. 2020లో షబలాలా కన్నుమూశాడు. 2023లో, ఎనభై ఒకటో ఏట, సైమన్ ‘సెవెన్ సామ్స్’ వెలువరించాడు. ముప్పై మూడు నిమిషాలు ఆగకుండా సాగే రచన ఇది. దీని మీద పనిచేస్తుండగా అతని ఎడమ చెవికి వినికిడి చాలావరకు పోయింది. చాలాసేపు గిటారుతో ఒక్కడే పాడతాడు. చివరి భాగంలో భార్య ఈడీ బ్రికెల్ గొంతు వచ్చి కలుస్తుంది.