శశిరేఖ నిద్రపోతున్నప్పుడు

కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్' (1957) అనగానే చాలామందికి ముందు ఘటోత్కచుడి పెళ్ళివిందు గుర్తొస్తుంది. నాకు మాత్రం ఎన్నిసార్లు చూసినా మాయా శశిరేఖ ఘట్టం దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కి, చెయ్యి నలిపి, మగపెళ్ళివారిని హడలెత్తించే ఆ పెళ్ళికూతుర్ని చూసి మూడు తరాల ఆడవాళ్ళు కడుపారా నవ్వుకున్నారు. ఇష్టంలేని పెళ్ళిపీటల మీద తాము చెయ్యలేని పని ఆమె చేస్తోంది కదా!

కానీ ఆ పని చేస్తున్నది శశిరేఖ కాదు. ఆమె రూపంలో ఉన్న మేనబావ గారి అన్న. అసలు శశిరేఖని నిద్రలో ఉండగానే మంచంతో సహా ద్వారక నుంచి ఎత్తుకుపోయారు. ఆమె మంచి కోసమే, కృష్ణుడి పథకం ప్రకారమే. అయినా ఆమెని ఎవరూ అడగలేదు. ధిక్కారం జరిగే చోట ఆమె లేదు.

వ్యాస భారతంలో లేని ఈ పిల్ల జనం కథల్లో, నాటకాల్లో పెరిగింది. ఆమె మనసు రహస్యమూ కాదు. చిన్నప్పుడే అభిమన్యుడికిస్తామని పెద్దలు మాటిచ్చారు. ప్రియదర్శిని పెట్టెలో ఆమెకి కనిపించేదీ అతనే. ఎవరికి ఏది ప్రియమో చూపించే వస్తువు సాక్ష్యం చెప్పినా, పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే ఆ సాక్ష్యం చెల్లలేదు. చివరికి పెళ్ళిని తేల్చేది సత్యపీఠం మీద నిలబడిన శకుని నోట వెలువడిన నిజం. ఆడపిల్ల కోరికకి లేని విలువ మగవాడి కుట్ర బయటపడటానికి ఉంది. (లక్ష్మణకుమారుడి సంగతీ ఒకటుంది. రేలంగి సుకుమారపు నడకలు చూసి మనం నవ్వేది, మగవాడు 'మగాడిలా' లేడనే. ఆ నవ్వు నాకు అంత హాయిగా అనిపించదు.)

అయితే ఇదంతా కథ మాట. తెర మీద మనకి కనిపించేది ఎస్వీ రంగారావు కాదు, సావిత్రి. పెళ్ళి పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు దూసుకొస్తుంటే, సావిత్రి భుజాలు విరుచుకుంటుంది, కాళ్ళు దూరంగా పెట్టి నిలబడుతుంది, అంతలోనే గుర్తొచ్చి సిగ్గుపడుతుంది. సిగ్గు, వయ్యారం, తలవంచుకోవడం పుట్టుకతో వచ్చేవి కావనీ, గుర్తుపెట్టుకుని చెయ్యాల్సినవనీ ఆ రెండు మూడు నిమిషాల్లో తెలిసిపోతుంది. జుడిత్ బట్లర్ 'జెండర్ ట్రబుల్' (1990) వచ్చింది ముప్ఫై మూడేళ్ళ తర్వాత. కథ శశిరేఖకి ఇవ్వని స్వేచ్ఛని నటన సావిత్రికి ఇచ్చింది. అయితే అందుకు ఆమె మగవాడిగా నటించాల్సి వచ్చింది.

ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఆదివారాలు దొరికే పాత సినిమా పాటల పుస్తకాల్లో కథ సగం చెప్పి, మిగతాది వెండితెరపై చూడమంటారు. నిద్రలేచి తను ఎక్కడున్నానో తెలుసుకున్న శశిరేఖ ఏమనుకుందన్నది వెండితెర మీద కూడా పెద్దగా దొరకదు. కళ్ళెదుట అభిమన్యుడు ఉన్నాడు కనక ఇక చెప్పేదేముందనుకున్నారు కాబోలు.

అక్కడికి దగ్గర్లోనే, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో సురభి వాళ్ళ మాయాబజార్ చూశాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలైన సమాజం అది. బయట స్థానం నరసింహారావు వంటివారు స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకుంటున్న కాలంలోనే సురభి కుటుంబాల ఆడవాళ్ళు రంగస్థలం మీదున్నారు. 'కుటుంబ స్త్రీలు' నాటకాలాడకూడదన్న రోజుల్లో కుటుంబమే నాటకమైన ఆడవాళ్ళు వాళ్ళు. మన రంగస్థల చరిత్రల్లో వాళ్ళకి దక్కిన చోటు తక్కువ.

ఆ రాత్రి మాయా శశిరేఖగా నటించిన అమ్మాయికి ఘంటసాల లేడు, క్లోజప్ లేదు. ఘటోత్కచుడి గద్దింపు ఆమె తన గొంతులోంచే తెచ్చుకోవాలి, ఆ వెంటనే హార్మోనియం శ్రుతికి మళ్ళీ రావాలి. రెండూ చేసింది. పెళ్ళిపీట మీద పాదం ఎత్తి దించినప్పుడు చెక్క వేదిక ధన్‌మని మోగింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నవ్వలేదు. 'ఇంకోటి వెయ్యమ్మా' అంది, కొంచెం గట్టిగానే.