తూకానికి అందని వెండి పువ్వు

సన్నటి వెండి తీగతో అల్లే కరీంనగర్ ఫిలిగ్రీ పువ్వును అరచేతిలో పెట్టుకుంటే ఉందా లేదా అన్నట్టుంటుంది. అందులో వెండి తక్కువ, పనితనం ఎక్కువ. అలాంటి నగను త్రాసులో వేసి, గ్రాము ధరకు బేరమాడేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

నిజాం కాలంలో అత్తరుదానులు, పాన్‌దానులతో ఈ పనికి పేరొచ్చింది. 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు కమ్మలు, లాకెట్లు, బ్రూచ్‌లు కూడా చేస్తున్నారు.

ముందుగా మేలిమి వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. దాన్ని కమ్మచ్చు అనే బెజ్జాల పలకలో పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి వరసగా లాగుతూ పోతే తీగ సన్నబడుతుంది. లాగేకొద్దీ వెండి గట్టిపడుతుంది కాబట్టి మధ్యమధ్య నిప్పు చూపించి మెత్తబరచాలి, లేకుంటే పుటుక్కున తెగుతుంది. చివరికి వచ్చిన సన్నటి తీగను రెండు పోగులుగా కలిపి పేని, చదునుగా అణుస్తారు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పేనిన తీగను అణిస్తే దాని అంచున సన్నని పలువరస తేలుతుంది. ఫిలిగ్రీ మిలమిలలన్నీ ఆ పళ్ల మీద పడిన వెలుతురువే. నున్నటి తీగతో అదే పువ్వు చేస్తే చప్పగా ఉంటుంది.

రేకుల చట్రానికి మాత్రం కాస్త మందపాటి తీగ కావాలి. దాని లోపల చదును తీగను పట్టకారుతో చుట్టలు చుట్టి, అంచు పైకి కనిపించేలా కూరుస్తారు. బిగువుగా కూరితే టంకం పెట్టేదాకా అది కదలదు. తర్వాత టంకం పొడి, వెలిగారం చల్లి మంట చూపిస్తారు. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టంకం అంతకు ముందే కరిగి సందుల్లోకి పాకాలి. ఈ రెంటి మధ్య ఎడాన్ని కనిపెట్టేది కంటిచూపే, లోహం ఎర్రబడే తీరును బట్టి. ఒక్క క్షణం ఏమరితే రేకు ముద్దయిపోతుంది. రేకులను వంచి, ఒకదానిపై ఒకటి అతికి, నడుమ చిన్న వెండి గుండు నిలుపుతారు. ఆ గుండును పోతపోయనక్కర్లేదు. తీగ ముక్కను కరిగిస్తే దానంతటదే గుండ్రమవుతుంది.

ఇంట్లో నగలు చేసుకునేవాళ్లు మంట జోలికి పోకుండా రాగి క్రాఫ్ట్ వైరుతో మొదలుపెట్టవచ్చు. చట్రానికి 20 గేజి, చుట్టడానికి 26 గేజి సరిపోతాయి. గేజి అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది. అయితే టంకం లేని పువ్వు కొంగుకు తగులుకుంటే వంగిపోతుంది, కాబట్టి తీగ కొసలను వెనక్కి మడిచి నొక్కేయాలి.

కరీంనగర్ పనిని కొనేటప్పుడు భూతద్దంతో చూడండి. తీగ అంచున పళ్లు కనిపించాలి, అతుకుల దగ్గర టంకం గడ్డకట్టి ఉండకూడదు. ఆ రెండూ సరిగా ఉంటే, మజూరీ వెండి ధరను మించినా అడిగినంత ఇచ్చేయండి.