చెప్పకుండా నేర్పే ఆట

తొంభైల్లో మన ఊళ్ళలో వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే నకలు డబ్బా, దానిలో గుచ్చే క్యాసెట్టు. బొమ్మ రాకపోతే క్యాసెట్టు పీకి, ఉఫ్ఫని ఊది మళ్ళీ గుచ్చేవాళ్ళం. ఎలా ఆడాలో చెప్పే పుస్తకమేదీ దాంతో వచ్చేది కాదు. వచ్చినా ఆ ఇంగ్లీషు మాకెక్కేదీ కాదు. అయినా మారియో ఆడటం ఫలానావాళ్ళు నేర్పారని చెప్పేవాడు నాకింతవరకూ తగల్లేదు.

నేర్పింది ఆటే. జపాన్‌లోని క్యోటోలో 1889లో పేకముక్కలు తయారుచేస్తూ మొదలైన నింటెండో, 1985 సెప్టెంబరు 13న ‘సూపర్ మారియో బ్రదర్స్’ను తన టీవీ గేమ్ డబ్బా ఫ్యామికామ్ కోసం తెచ్చింది. షిగేరు మియామోటో, తకాషి తెజుకా దాని రూపకర్తలు. ఆట మొత్తం 40 కిలోబైట్లు; ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అందుకే ఆకాశంలో మబ్బుకీ నేలమీద పొదకీ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. మారియో మీసమూ ఇలాంటి ఇబ్బందిలోంచి మొలిచిందే. 1981 నాటి ‘డాంకీ కాంగ్’ ఆటలో అతని బొమ్మకు దక్కిన కాసిని చుక్కలతో నోరు గీయడం కుదరలేదు మరి.

మొదటి స్టేజి చూడండి. మారియో తెరకు ఎడమ పక్కన నిలబడి కుడివైపు చూస్తుంటాడు. ముందంతా ఖాళీ. ఎటు పోవాలో అడగక్కర్లేదు. నాలుగడుగులు వేయగానే ముఖం చిట్లించుకుని గూంబా అనే శత్రువు ఎదురొస్తుంది. తగిలితే చస్తాం, పోయేది కొన్ని క్షణాలే, మళ్ళీ మొదలు. ఈసారి దూకుతాం. పొరపాటున దాని నెత్తిన పడితే అదే చస్తుంది. ప్రశ్నార్థకం ఉన్న ఇటుకను కిందనుంచి గుద్దితే పుట్టగొడుగు బయటికొస్తుంది. చూడ్డానికి గూంబాలాగే ఉంటుంది కాబట్టి భయం. అది కుడికి జారి, గొట్టానికి కొట్టుకుని, తిరిగి మనమీదికే వస్తుంది. తప్పించుకుందామని ఎగిరితే పైనున్న ఇటుక తలకు తగిలి దాని మీదే పడతాం. మారియో పెద్దవాడవుతాడు! మంచిదాన్ని బలవంతంగా తినిపించే ఈ పన్నాగం అమ్మలకు బాగా తెలిసిందే.

అసలు పనితనం దూకులో ఉంది. ‘డాంకీ కాంగ్’లో ఎగరడం ఒకే కొలత. ఇక్కడ బటన్ ఎంతసేపు నొక్కిపడితే అంత ఎత్తు. గాల్లో ఉండగానే ఇటో అటో మళ్ళొచ్చు. నిజంగా ఎగిరే మనిషికది అసాధ్యం, వేలికి మాత్రం ఎంతో సహజం. స్టేజి చివర్లో రెండు మెట్లవరసల మధ్య ముందు గట్టి నేల ఉంటుంది, తప్పినా ప్రాణం పోదు. ఆ తర్వాతి జత మధ్యే గొయ్యి.

ఈ పద్ధతికి తర్వాతి తరం పేరు కూడా పెట్టుకుంది. 2013 నాటి ‘సూపర్ మారియో 3డి వరల్డ్’ దర్శకుల్లో ఒకరైన కోయిచి హయాషిదా, తమ స్టేజీల అల్లికను జపాన్ నాలుగు గడుల కార్టూన్లలోని కిషోతెన్‌కెత్సుతో పోల్చాడు: ఎత్తుగడ, పెంపు, మలుపు, ముగింపు.

నేర్చుకోలేక తడబడేవాళ్ళకూ దారి ఉంది. 2009లో నింటెండో వీ కన్సోల్‌కు వచ్చిన మారియో ఆటలో నలుగురు ఒకేసారి ఆడొచ్చు. కష్టమైన చోట బటన్ నొక్కితే బుడగలోకి చేరి తేలిపోవచ్చు. దాటినవాళ్ళు తాకితే బుడగ పగులుతుంది. చిన్నపిల్లల కోసమనే అనుకుంటాను ఆ ఏర్పాటు. మా ఇంట్లో అందులో ఎక్కువసేపు తేలేది మాత్రం నేనే.