పాదం గుర్తుపెట్టుకునే బరువు

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని రేసు కారు నడపాలన్న ఇష్టం పుట్టగానే అందరి చూపూ స్టీరింగ్ మీదికే పోతుంది. చేతిలో ఉండేది అదే, తిప్పితే ఎదురు తన్నేది అదే, ఫొటోలో కనిపించేదీ అదే. పెడళ్లు ఎలాగూ ఆ పెట్టెలోనే వస్తాయి, టేబులు కిందికి వెళ్లిపోతాయి, ఇంక వాటి సంగతి ఎవరికీ పట్టదు. నా లెక్క వేరు. ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే, పాత స్టీరింగ్‌తో సర్దుకుని బ్రేకు పెడల్ మార్చుకోమని అడిగినవాళ్లందరికీ చెబుతాను. కొనక్కర్లేదు, కట్టుకోవచ్చు అని కూడా చెబుతాను. ఈ వారం ఆ కట్టుకోవడం గురించే.

ఇటలీలోని మోంజా ట్రాకు తీసుకోండి. పొడుగాటి స్ట్రెయిట్ చివర, కారు దాదాపు తన గరిష్ఠ వేగంలో ఉండగా, మొదటి షికేన్ వస్తుంది. కుడికి తిరిగి వెంటనే ఎడమకి తిరగాలి. బ్రేకు తొక్కిన తొలి క్షణంలో టైర్లు ఎంత ఓర్చుకోగలవో అంతా వాడేయాలి. రెక్కలున్న కారైతే వేగం తగ్గేకొద్దీ గాలి నొక్కే బలమూ తగ్గుతుంది కాబట్టి, పాదం కూడా మెల్లగా తేలిక కావాలి. స్టీరింగ్ తిప్పడం మొదలయ్యాక మిగిలిన బ్రేకును కొద్దికొద్దిగా వదులుతూ మలుపు లోపలిదాకా తీసుకెళ్లాలి. దీన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. బ్రేకు ఉన్నంతసేపూ బరువు ముందు చక్రాల మీదికి ఒరిగి ఉంటుంది, ముక్కు చెప్పినట్టు తిరుగుతుంది. ఒక్కసారిగా వదిలేస్తే ముందు పట్టు పోయి కారు బయటికి జారుతుంది. పట్టుకునే ఉంటే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. తొక్కడం ఎవరికైనా త్వరగానే వస్తుంది. వదలడమే విద్య. కాలికి ఆ విద్య రావాలంటే కింద ఉన్న పెడల్ అందుకు తగ్గది కావాలి.

మామూలు సెట్టులో, ఉదాహరణకి లాజిటెక్ జీ29లో, పెడల్ ఇరుసుకి పొటెన్షియోమీటర్ ఉంటుంది. పెడల్ ఎంత దూరం దిగిందో అది చెబుతుంది. అంటే మనం దూరాన్ని గుర్తుపెట్టుకోవాలి, ఇన్ని మిల్లీమీటర్లు తొక్కితే ఇంత బ్రేకు అని. కాలికి ఇది అంత సులువైన పని కాదు. నిజమైన రేసు కారులో బ్రేకు ప్యాడ్లు డిస్కుకి ఆనాక పెడల్ ఇంక పెద్దగా కదలదు. అక్కడి నుంచి అంతా బలమే. కండరం ఎముకతో కలిసే నరం లాంటి కట్టులో, బిగువు ఎంతుందో మెదడుకి చేరవేసే గోల్జీ గ్రాహకాలుంటాయి. పాదం ఎంత గట్టిగా నొక్కుతోందో చూడకుండానే మనకి తెలిసేది ఇలాంటి గ్రాహకాల వల్లే. ఆ తెలివిని వాడుకోవాలంటే పెడల్ దూరం బదులు బలాన్ని కొలవాలి. దానికి కావలసింది లోడ్ సెల్.

లోడ్ సెల్ మనకి కొత్త వస్తువేం కాదు. కిరాణా కొట్లో కందిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటాలో ఉన్నది అదే. ఒక లోహపు దిమ్మ, దాని మీద అంటించిన సన్నటి తీగల రేకులు. బరువు పడితే దిమ్మ కంటికి కనపడనంత వంగుతుంది, రేకు సాగుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఈ రేకుల ఆలోచన 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్‌కీ ఆర్థర్ రూజ్‌కీ ఎవరికి వారికే తట్టింది. రూజ్ అప్పుడు ఎం.ఐ.టి.లో నీళ్ల ట్యాంకులు భూకంపాన్ని ఎలా తట్టుకుంటాయో చూస్తున్నాడు. నీళ్ల ట్యాంకు ఒత్తిడి కొలవడానికి పుట్టిన పరికరం నా కుడికాలి కిందికో ఎడమకాలి కిందికో వచ్చి చేరడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. (ఎడమకాలితో బ్రేకు తొక్కడం నేర్చుకోండి. రెండు పెడళ్లతో నడిచే రేసు కారుకి అదే మేలు.)

సెల్ నుంచి వచ్చే సంకేతం మరీ బలహీనం. 5 వోల్టులిస్తే, పూర్తి బరువు మీద తిరిగొచ్చేది 10 మిల్లీవోల్టుల వరకే. దాన్ని పెంచి అంకెలుగా మార్చడానికి హెచ్ఎక్స్711 అనే చిప్పు ఉన్న చిన్న బోర్డు కావాలి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ కొట్లలో అడిగితే ఇస్తారు. దాని వెనక ఆర్డునో ప్రో మైక్రో పెడితే, కంప్యూటర్ దాన్ని నేరుగా జాయ్‌స్టిక్‌గా గుర్తుపడుతుంది, వేరే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. హెచ్ఎక్స్711 తూనిక కోసం చేసిన చిప్పు. మామూలుగా దొరికే బోర్డుల్లో అది సెకనుకి 10 సార్లే చదివేలా కట్టి ఉంటుంది. పప్పు తూచడానికి అది చాలు. గంటకి 200 కిలోమీటర్ల వేగంలో కారు సెకనులో పదో వంతుకి అయిదున్నర మీటర్లు వెళ్లిపోతుంది. అంటే మీరు తొక్కిన సంగతి ఆటకి తెలిసేసరికి కారు తన పొడుగు కంటే ఎక్కువే దాటేసి ఉండొచ్చు. చిప్పుకి రేట్ అని ఒక కాలు ఉంటుంది. దాన్ని గ్రౌండు నుంచి విడదీసి విద్యుత్ వైపు అతికిస్తే సెకనుకి 80 సార్లు చదువుతుంది. అప్పుడు ఆ అయిదున్నర మీటర్లు 70 సెంటీమీటర్లవుతాయి. సన్నమొన సోల్డరింగ్ ఐరన్, కొంచెం ఓపిక ఉంటే అయిపోయే పని. మొత్తం కట్టుబడిలో ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం ఇచ్చేది మరొకటి లేదు.

ఇనప పని మాత్రం చేతకాని చోట చేయించుకోవడమే మంచిది. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి కాగితం మీద గీసుకుని వెళ్లాను.

"ఏ బండిదండీ ఇది?"

"బండిది కాదు బాబాయ్, ఇంట్లో కంప్యూటర్‌కి పెట్టుకునేది."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎక్కడ పెట్టినా తొక్కేది కాలే కదా. పక్కకి ఆడకూడదు. గన్‌మెటల్ బుష్ వేద్దాం. ఎంత బరువు పడుద్ది?"

అసలు ప్రశ్న అదే. ఇరుసు పిన్ను నుంచి పాదం ఆనే పలక 20 సెంటీమీటర్ల ఎత్తున, సెల్‌ని నొక్కే కడ్డీ 5 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయనుకోండి. నాలుగు రెట్లు. పాదం 40 కిలోలు నొక్కితే సెల్ మీద 160 కిలోలు పడతాయి. అందుకే 200 కిలోల సెల్ తీసుకోవాలి. ఆ బలమంతా మోసే పిన్ను, బ్రాకెట్టు, కింది ప్లేటు కూడా అందుకు తగ్గట్టే ఉండాలి. లెక్క చెప్పగానే ఆయన నేను గీసిన పల్చటి ఫ్లాటు పక్కన పెట్టి, దాని కంటే దళసరిది తెచ్చాడు. లారీ క్లచ్చులు, బస్సు బ్రేకులు చూసిన చెయ్యి అది. బలం ఏ దారిన వెళ్తుందో గీత చూడకుండానే చెప్పగలదు. మన ఊళ్లలో ఇలాంటి చేతులు ఇంకా ఉన్నాయి. ఈ ఇంటి రేసింగు, అంటే సిమ్ రేసింగ్, సామాను దిగుమతి చేసుకుని సుంకాలు కట్టేవాళ్లు ఒకసారి ఆ వీధికి వెళ్లి రావాలని నా కోరిక.

ఇక రబ్బరు. పెడల్‌కి ప్రాణం పోసేది ఇదే కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతాను. సెల్ దానంతట అది కదలదు. దాన్ని నేరుగా తొక్కితే గోడని తొక్కినట్టే ఉంటుంది, కాలికి ఏ కబురూ అందదు. మధ్యలో మెత్తనిది ఏదో ఉండాలి. నేను పెట్టుకున్న వరస ఇది: ముందు ఒక చిన్న బలహీనమైన స్ప్రింగు, ప్యాడ్లు డిస్కుని చేరేలోపు ఉండే ఖాళీలా. దాని తర్వాత మెత్తటి పాలీయురెథేన్ బుష్, ఆ తర్వాత గట్టిది. గట్టితనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు, అంకె పెరిగితే గట్టిగా ఉంటుంది. సుమారు 60 నుంచి 90 వరకు రకరకాలుగా తెచ్చుకుని, వాటి వరస మార్చి మార్చి చూడాలి. మెత్తది ఎక్కువైతే పెడల్ మళ్లీ దూరం లెక్కలోకి జారిపోతుంది. గట్టిది ఎక్కువైతే తొక్కడం బాగానే ఉంటుంది గాని, వదిలేటప్పుడు చివరి పది శాతం అదుపులో ఉండదు. రబ్బరుకి మరో గుణం కూడా ఉంది. స్ప్రింగులా నొక్కినంతా వెంటనే తిరిగివ్వదు, కొంచెం ఆలస్యంగా లేస్తుంది. ఆ ఆలస్యం కొంత ఉంటే కాలి వణుకుని మింగేస్తుంది, ఎక్కువైతే పాదం లేచినా బ్రేకు లేవదు. కాబట్టి వరస సరిపోయిందో లేదో తొక్కి తేల్చుకోకండి, వదిలి తేల్చుకోండి.

ఇదంతా ఉత్తుత్తి బ్రేకు, ఉత్తుత్తి బిగువు కదా అనేవాళ్లున్నారు. వాళ్లకి నా జవాబు రోడ్డు మీదే ఉంది. టయోటా ప్రియస్ లాంటి హైబ్రిడ్ కార్లలో మామూలుగా తొక్కినప్పుడు పాదానికి తగిలే బిగువు చక్రాల దగ్గర్నుంచి రాదు. స్ట్రోక్ సిమ్యులేటర్ అనే చిన్న భాగం దాన్ని పుట్టిస్తుంది. ఎంత మేర మోటారుతో ఆపాలో, ఎంత మేర బ్రేకుతో ఆపాలో కంప్యూటర్ చూసుకుంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ జెన్3 కార్లను అసలు వెనక హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే రూపొందించారు. వెనక చక్రాలను ఆపే పని మోటారుదే. పాదానికి తగలాల్సిన బిగువుని ఎవరో ఒకరు కూర్చుని తయారుచేయాల్సిన కాలం అసలు కార్లకే వచ్చింది. టేబులు కింద మనం చేసే పనీ ఆ కోవలోదే.

అంకెల మోజు గురించి ఒక మాట. థ్రస్ట్‌మాస్టర్ టీ-ఎల్‌సీఎం బ్రేకు 100 కిలోల దాకా కొలుస్తుంది, హ్యూసింక్‌వెల్డ్ అల్టిమేట్ ప్లస్ 140 కిలోల దాకా. ఇవి సామాను ఓర్పుకి సంబంధించిన అంకెలు, మన కాలికి పెట్టిన పరీక్ష కాదు. మీరు ఎంత గట్టిగా తొక్కగలరో చూసి దాన్నే నూరు శాతంగా పెట్టుకుంటే, రేసు సగానికొచ్చేసరికి తొడ మంట పుట్టి బ్రేకింగ్ పాయింట్లు ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. గంటసేపు తొక్కినా ఒకేలా తొక్కగలిగే బరువు ఎంతో అదే మీ నూరు శాతం. నాది 40 కిలోల దగ్గర కుదిరింది. అలాగే అసెట్టో కోర్సా అనే రేసింగ్ ఆటలో బ్రేక్ గామా అనే సెట్టింగు ఉంటుంది. దూరం కొలిచే పెడళ్ల కోసం దాన్ని 1 కంటే పైన పెట్టి వంకర గీతగా వాడతారు. లోడ్ సెల్ పెట్టాక దాన్ని 1కి దించేయాలి. కాలు నొక్కిన బలమే తిన్నగా ఆటలోకి వెళ్లాలి.

యాక్సిలరేటర్ సంగతి తేలిక. అక్కడ దూరమే కావాలి, ఒక అయస్కాంతం, ఒక హాల్ సెన్సర్ చాలు. రాసుకునే భాగం లేదు కాబట్టి అరగదు. క్లచ్చు, మీరు పాత హెచ్ గేరు కార్లు నడపకపోతే, తర్వాత చూసుకోవచ్చు.

2023లో ఫిన్లాండ్‌కి చెందిన సిముక్యూబ్ బ్రాండు మోటారుతో నడిచే యాక్టివ్ పెడల్ తెచ్చింది. రబ్బరు మార్చక్కర్లేదు, బిగువంతా సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు, ఏబీఎస్ అదురు కూడా పాదానికి తగులుతుంది. గొప్ప వస్తువే. కానీ రబ్బర్లు విప్పి బిగించి చూసిన కాలికే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ గీత ఎటు జరపాలో తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగేవాళ్లకి చివరగా చెప్పేది కుర్చీ గురించి. 40 కిలోలు ముందుకి తోస్తే అంతే బలం మిమ్మల్ని వెనక్కి తోస్తుంది. చక్రాల ఆఫీసు కుర్చీ, కింద నున్నటి గ్రానైట్ లేదా టైల్సు, ఇంక బ్రేకు తొక్కిన ప్రతిసారీ మనిషే వెనక్కి వెళ్లిపోతాడు. చక్రాలు తీసేయండి. లేదా కుర్చీ స్తంభం నుంచి పెడల్ ప్లేటుకి సామాన్లు కట్టే నైలాన్ బెల్టు బిగించండి. ప్లేటు కింద రబ్బరు మ్యాటు వేయండి. వీలైతే ఎల్ యాంగిళ్లు గాని అల్యూమినియం ప్రొఫైళ్లు గాని తెచ్చి కుర్చీనీ పెడళ్లనీ ఒకే చట్రానికి కట్టండి. తర్వాత ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి, మీరు బలమంతా పెట్టి తొక్కుతుంటే ఏది కదులుతోందో చూడమనండి. ప్లేటు వంగుతోందా, కుర్చీ వీపు వెనక్కి పోతోందా, పెడల్ పక్కకి ఒరుగుతోందా. ఎక్కడ కదిలితే అక్కడ ఇంకో బోల్టు వేయండి. అది పూర్తయ్యాకే లోడ్ సెల్ కొనండి.